ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియని పియూరె

ఏప్రిల్ రెండో వారంలో, పాటు బాగా తీసి సముద్రం వెనక్కి పోయే రోజుల్లో, ఎర్మిందా బర్రాసా ఎప్పటిలాగే తెల్లవారగానే ఎల్ లగార్తో రాళ్ల మీదికి దిగింది. చేతిలో ఇనుప కొక్కెం, భుజాన ఖాళీ గోనెసంచి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. వెనకాల ఆమె అన్న భార్య నోల్ఫా తుమ్ముకుంటూ వస్తోంది. సముద్రం మీంచి లేచిన మంచు ఇంకా విడలేదు. ఎదుటి మనిషి కనపడడం లేదుగానీ, ముప్ఫై తొమ్మిదేళ్లుగా నడుస్తున్న దారి కాబట్టి ఎర్మిందా కాళ్లు వాటంతటవే పోతున్నాయి.

చిలీ ఉత్తర తీరాన ఆంతోఫగాస్తా అఖాతమంతా నీటి అంచు పొడవునా రాళ్లకు పియూరె పట్టి ఉంటుంది. ముదురు రంగు తోలుసంచుల్లాంటి ప్రాణులు. ఒకదాన్నొకటి కరుచుకుని, మోచెయ్యంత మందాన పరుపులా పరుచుకుంటాయి. ఎడారి అంచున పుట్టిన పేదలకు అదే పొలం, అదే పాడి. కొక్కెంతో చీలిస్తే లోపల ఎర్రటి కండ ఉంటుంది. నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ, కొత్తిమీర కలిపి పచ్చిగానే తింటారు. మిగిలింది గాలాలకు ఎరగా పోతుంది. అలవాటు లేనివాళ్లు టింక్చర్ సీసా తాగినట్టుందని ఉమ్మేస్తారు. అలాంటివాళ్లను చూస్తే ఎర్మిందాకు జాలి.

ఆ రోజు ఆమె కాలు వేసిన చోట పరుపు లేదు. బూటు జర్రున జారింది. వంగి చేత్తో తడిమింది. ఒట్టి రాయి. ఇంకా నాలుగడుగులు వేసి, మంచు కాస్త పలచబడ్డాక చూస్తే, ఒక్కోటి గదంత వెడల్పున మూడు చారలు, ఒడ్డు నుంచి నీళ్ల దాకా గీకి ఉన్నాయి. ఆ రాయి అసలు రంగు బూడిద కలిసిన తెలుపని యాభై నాలుగేళ్ల వయసులో ఆమెకు మొదటిసారి తెలిసింది.

కొంచెం అవతల నారింజ రంగు కోట్లు తొడుక్కున్న నలుగురు మగవాళ్లు గునపాలతో నాలుగో చార మొదలుపెడుతున్నారు. గీకింది గీకినట్టు ప్లాస్టిక్ సంచుల్లో కూరి గుట్ట పెట్టారు. తలకు హెల్మెట్, చేతిలో అట్ట పట్టుకున్న ఒక పడుచు పిల్ల ఏదో రాసుకుంటోంది. కోటు మీద పమేలా అని పేరుంది. రాగి ఖనిజం ఎగుమతి చేసేందుకు ఇక్కడ ఓడలు ఆగే జెట్టీ కడతామని ఏడాదిగా చెబుతున్న కంపెనీ మనిషి ఆమె.

ఇక్కడ ఏం చేస్తున్నారని ఎర్మిందా అడిగింది.

“శుభ్రం చేస్తున్నాం, సెన్యోరా,” అంది పమేలా నవ్వుతూ. “ముందుగా కొద్ది మేరే. ఇది ఈ తీరానిది కాదు, బయటి నుంచి వచ్చి పడిన జాతి. తీసేస్తే రాయికే మంచిది.”

“బయటంటే ఎక్కడ?”

“ఆస్ట్రేలియా.”

నోల్ఫా గట్టిగా తుమ్మి, ముక్కు తుడుచుకుంది. “ఏ బస్సెక్కి వచ్చిందటమ్మా?”

ఓడల అడుగున అంటుకుని వచ్చిందని పమేలా ఓపిగ్గా చెప్పింది. అనుమతి కాగితం కూడా చూపించింది. ఎర్మిందా కాగితం వంక చూడలేదు. సంచుల వంక చూస్తోంది. ఆమె ఇటు రాని గత రెండు రోజుల్లో గీకినవి కూడా వాటిలో ఉన్నాయి, అప్పుడే కుళ్లు వాసన. ఎవరూ తినకుండా, ఎవరూ అమ్ముకోకుండా, తన ఊరి తిండిని చెత్తలా సంచుల్లో కుక్కి పెట్టారు. ఆమె తిన్నగా నాలుగో చార దగ్గరికి నడిచి, గునపం దిగబోతున్న చోట కాళ్లు బారజాపుకుని కూర్చుంది. కింద పియూరె చిమ్మిన నీళ్లకు లంగా తడిసిపోయింది.

“గీకు నాయనా,” అంది గునపం పట్టుకున్నవాడితో. “నన్నూ కలిపి గీకు. నేనూ ఈ రాయికి పట్టినదాన్నే.”

వాడు పమేలా వైపు చూశాడు. పమేలా ఫోను తీసి ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది. ఈలోగా నోల్ఫా కూడా వచ్చి ఆడపడుచు పక్కన చతికిలబడింది. ఇద్దరూ అలా గంటన్నర కూర్చున్నారు. పోటు మొదలై నీళ్లు నడుం దాకా వచ్చాక కంపెనీవాళ్లు గునపాలు సర్దుకుని వెళ్లిపోయారు. అప్పుడు లేచిన ఎర్మిందా వాళ్లు వదిలేసిన ఒక సంచిని ఈడ్చుకుంటూ ఒడ్డెక్కింది. దాన్ని ఎవరికి చూపించాలో ఆమెకు అప్పటికింకా తెలియదు.

మధ్యాహ్నం మత్స్యకారుల సంఘం ఆఫీసులో తెలిసింది. సంఘం అధ్యక్షుడు లాసరో దగ్గర కంపెనీ ఇచ్చిన పర్యావరణ నివేదిక రెండు నెలలుగా సొరుగులో పడి ఉంది. తొమ్మిది వందల పేజీలు, ఎవరు చదువుతారని అతని వాదన. చదవలేనివాడివి తీసుకున్నట్టు సంతకం ఎందుకు పెట్టావని ఎర్మిందా నిలదీసింది. లాసరో మాట మార్చి పాత పడవల సంగతి ఏదో ఎత్తుకున్నాడు. ఆమె ఆ కట్టను బల్ల మీద పడేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో పేజీ తిప్పింది. నాలుగు వందల పన్నెండో పేజీలో దొరికింది.

ఆ ప్రాంతంలో ముఖ్యంగా కనిపించే జీవి విదేశీ మూలానిది, దాన్ని సంరక్షించాల్సిన అవసరం లేదు అని ఉంది. పక్కన ఆధారంగా ఒక శాస్త్రవేత్త పేరు. యెర్కో మారుసిచ్. మరో రెండు పేజీల తర్వాత, ఈ తీరంలో మూలవాసులెవరూ నివసించడం లేదని ఇంకో వాక్యం. ఎర్మిందా అమ్మమ్మను బడిలో పిల్లలు చాంగా, చాంగా అని ఏడిపించేవాళ్లు. సముద్రపు ఒడ్డున తోలు పడవల మీద బతికిన చాంగోలనే జాతి పేరది. ఆ మాట పడలేక ఆవిడ మూడో తరగతిలోనే బడి మానేసింది. అంత ఏడుపు ఏడిపించినవాళ్లే ఇప్పుడు ఆ జాతి అసలు లేనే లేదంటున్నారు.

“మనమూ లేమట, అదీ ఇక్కడిది కాదట వదినా,” అంది నోల్ఫాతో. “మరి వీళ్లు ఎవరిని చూసి ఇంత భయపడి తొమ్మిది వందల పేజీలు రాశారో.”

మూలవాసుల మాటకన్నా ఆమెను ఎక్కువ మండించింది ఆ పేరు. యెర్కో ఆ రాళ్ల మీదికి మొదటిసారి వచ్చి పదకొండేళ్లయింది. ప్లాస్టిక్ గొట్టాలతో చేసిన చతురస్రం ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని పియూరె మీద పెట్టి లెక్కపెట్టబోయి, జారి నీళ్లలో పడ్డాడు. చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగింది ఎర్మిందా. ఏ నెలలో పరుపు పలచబడుతుందో, ఏ బండ వెనక ఆక్టోపస్‌లు దాక్కుంటాయో, అమ్మ కాలంలో పరుపు ఎక్కడి దాకా ఉండేదో అతనికి నేర్పింది ఆమే. అతను ఆమె వంటింట్లో కూర్చుని ఎన్ని సాయంత్రాలు టీ తాగాడో, ఎన్ని రొట్టెలు తిన్నాడో లెక్కలేదు. పియూరె ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఉండొచ్చని ఒకసారి టీ తాగుతూ అన్నాడు కూడా. అక్కడి తీరంలోనూ అచ్చం ఇదే ఉందట. చిలీ మొత్తంలో మాత్రం ఈ అఖాతంలో తప్ప ఇంకెక్కడా లేదట. ఆ రోజు ఎర్మిందా నవ్వి ఊరుకుంది. వంటింట్లో అన్న మాట వేరు. అదే మాట గునపమై రాయి మీదికి రావడం వేరు.

మర్నాడు పొద్దున ఆ సంచిని భుజానికెత్తుకుని విశ్వవిద్యాలయానికి బస్సెక్కింది. కంపు భరించలేక డ్రైవరు దిగమన్నాడు. నువ్వు దిగు, నేను నడుపుతాను అంది. పక్కన కూర్చున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే వెనక్కి జరిగారు.

యెర్కో తన గదిలో ఇద్దరు విద్యార్థులతో మాట్లాడుతున్నాడు. ఎర్మిందా తలుపు తోసుకొచ్చి, సంచి మూతి విప్పి, అతని బల్ల మీద గుమ్మరించింది. కాగితాలు, కంప్యూటరు, కాఫీ కప్పు, అన్నిటి మీదా పియూరె పడింది. నల్లటి నీళ్లు బల్ల అంచు నుంచి అతని ఒళ్లోకి కారాయి.

“ఇదిగో నీ ఆస్ట్రేలియా,” అంది. “సరిపోయిందో లేదో చూసుకో.”

విషయం అర్థం కావడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. తాను అలా రాయలేదన్నాడు. బీరువాలోంచి తన వ్యాసం తీసి, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, చదివి వినిపించాడు. బయటి నుంచి వచ్చి ఉండే అవకాశమే ఎక్కువగా కనిపిస్తోంది, అయితే ఇది ఇక్కడి ప్రాచీన జాతే అయి ఉండే అవకాశాన్ని ఉన్న ఆధారాలతో కొట్టిపారేయలేం అని ఉంది అందులో. ఏదేమైనా ఈ పరుపులను ఆసరా చేసుకుని నూటికి పైగా జాతులు బతుకుతున్నాయని ఆ తర్వాతి వాక్యం. కంపెనీవాళ్లు మొదటి ముక్క కోసుకుని మిగతాది వదిలేశారు.

“వాళ్లు కోసిన సంగతి నువ్వెప్పుడు చూశావు?” అని అడిగింది ఎర్మిందా.

యెర్కో విద్యార్థుల వైపు చూశాడు. వాళ్లు కిటికీ వైపు చూశారు.

“ఫిబ్రవరిలో.”

“ఇది ఏప్రిల్.”

కిటికీలోంచి కింద ఆవరణలో ట్రైలరు మీద ఒక కొత్త పరిశోధన పడవ కనిపిస్తోంది. దాని మీద కంపెనీ గుర్తు అతికించి ఉంది. ఎర్మిందా దాన్ని చూసింది. ఆమె చూడడం అతనూ చూశాడు. అది ఎవరి డబ్బుతో వచ్చిందో అడగాల్సిన పని లేకపోయింది.

“మీ ముత్తాత ఏ ఓడ అడుగున అంటుకుని వచ్చాడు?” అంది. అతని ముత్తాత నైట్రేటు గనుల కాలంలో క్రొయేషియా నుంచి వచ్చాడని ఊరందరికీ తెలుసు.

“అడుగున కాదు, మూడో తరగతిలో,” అన్నాడు యెర్కో అలవాటు కొద్దీ. ఒక విద్యార్థి కిసుక్కుమన్నాడు. ఎర్మిందా వాడి వైపు ఒక చూపు చూసేసరికి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

యెర్కో కుర్చీలో కూలబడి నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పూర్వులు తిని పారేసిన దిబ్బలను తవ్వితే నత్తగుల్లలు దొరుకుతాయి, చేపముళ్లు దొరుకుతాయి. పియూరెకు పెంకు లేదు, ఎముక లేదు. కుళ్లిందంటే జాడే ఉండదు. అందుకే వెయ్యేళ్ల కిందట ఇక్కడ ఉందో లేదో ఎవరూ తేల్చలేరు.

“మా అమ్మమ్మ కూడా ఏమీ మిగల్చకుండానే పోయింది,” అంది ఎర్మిందా. “ఆవిడ కూడా లేనట్టేనా?”

“దోన్యా ఎర్మిందా, నాకు తెలియనిదాన్ని తెలుసని ఎలా చెప్పమంటారు?”

“చెప్పమన్నానా? తెలియదనే చెప్పు. అందరి ముందూ, మైకు పట్టుకుని చెప్పు. ఆ ఒక్క ముక్కన్నా చెప్పగలవా?”

ఎర్మిందా ఖాళీ సంచి దులిపి, మడిచి, చంకలో పెట్టుకుని వచ్చేసింది.

జెట్టీ మీద బహిరంగ విచారణ మే నెల ఆఖరి శనివారం అన్నారు. ఈ మధ్యలో ఎర్మిందా అతనికి ఆరుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. ఎత్తని ప్రతిసారీ ఆమె ఇంట్లో ఏదో ఒకటి పగిలేది. పక్కింటివాళ్లు రేడియో గొంతు పెంచుకునేవాళ్లు. ఇంత గొడవెందుకు, పియూరె మనదేనని అడ్డంగా చెప్పేయమని నోల్ఫా సలహా ఇచ్చింది. ఎముకలే లేనిదాన్ని మనది కాదని రుజువు చేసేదెవరు?

“వాళ్లు అబద్ధం రాశారని అరవబోతున్నదాన్ని, నేనే ఇంకో అబద్ధం ఆడనా?” అంది ఎర్మిందా.

“నీ కోపానికి కూడా నియమాలున్నాయే పిల్లా,” అంది నోల్ఫా. “మా ఆయన అదృష్టం బాగుండి నీకు అన్నగా పుట్టాడు. మొగుడయ్యుంటే ఏమైపోయేవాడో.”

విచారణ ఒక బడి ఆటస్థలంలో జరిగింది, రేకుల కప్పు కింద. కంపెనీవాళ్లు వచ్చినవాళ్లందరికీ శాండ్‌విచ్‌లు, పళ్లరసం పంచారు. తీరం మీద బతికేవాళ్లు వరసగా కూర్చుని తిన్నారు. ఎర్మిందా ముట్టలేదు. కంపెనీ న్యాయవాది సన్నని గొంతుతో, ఎవరినీ నొప్పించకుండా, తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడాడు. పరాయి జాతిని తొలగించడం వల్ల తీరానికి జరగబోయే మేలు గురించి చెప్పాడు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. విచారణ జరిపే అధికారిణి బల్ల మీద తట్టింది.

ఎర్మిందాకు మూడు నిమిషాలిచ్చారు. మైకు చేతికొచ్చాక ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అది భయమని న్యాయవాది అనుకున్నాడు కాబోలు, ధైర్యం చెప్తున్నట్టు తలూపాడు. ఆ తలూపుడు చూసేసరికి ఆమె మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

“నాకు తల ఊపకండి,” అంది. “నేను పదిహేనో ఏట ఆ రాళ్ల మీదికి దిగాను. మా అమ్మ అంతకు ముందే దిగింది, వాళ్లమ్మ ఆవిడకన్నా ముందు. ఎవరికీ ఇది ఎప్పుడొచ్చిందో తెలియదు, వాళ్లు పుట్టేసరికే ఉంది. వచ్చిందే అనుకుందాం. అయితే ఏం? ఎప్పుడొచ్చిందో చెప్పలేనిదాన్ని పొమ్మని ఎలా అంటారు? పరాయివాళ్లను గీకేద్దామంటే ఈ ఊళ్లో ఎవరు మిగులుతారు? ఈ ఊరు నూట నలభై ఏళ్ల కిందట బొలీవియాది. ముందు మీ ఆఫీసు గీకండి. ఆ తర్వాత నా రాయి దగ్గరికి రండి.”

చప్పట్లు మోగాయి. న్యాయవాది అవి ఆగేదాకా ఓపిక పట్టాడు. ఆవిడ ఆవేదన తమకు పూర్తిగా అర్థమైందనీ, కాకపోతే శాస్త్రానికి ఆవేదనతో పని లేదనీ అన్నాడు. అప్పుడు వెనక వరసలో యెర్కో లేచాడు. అతను వచ్చినట్టు కూడా ఎర్మిందా చూడలేదు. ముడతలు పడిన కోటు వేసుకుని, చేతిలో ఆ వ్యాసమే పట్టుకుని ఉన్నాడు.

న్యాయవాది తెలివైనవాడు. అతణ్ణి మాట్లాడనివ్వకుండా ముందే ప్రశ్న వేశాడు.

“ప్రొఫెసర్ గారూ, ఈ జాతి ఈ తీరానిదేనని మీరు చెప్పగలరా?”

“చెప్పలేను,” అన్నాడు యెర్కో. “నా అభిప్రాయం అడిగితే, బయటి నుంచే వచ్చి ఉంటుంది.”

రేకుల కింద ఒక్కసారిగా గోల లేచింది. నోల్ఫా ఒక మాట అంది, పక్కనున్న బడి పంతులమ్మ చెవులు మూసుకుంది. ఎర్మిందా మైకు లేకుండానే, కూర్చున్న చోటి నుంచే, ఆ గోలను చీల్చుకుంటూ అరిచింది.

“ఎప్పుడొచ్చింది?”

“తెలియదు,” అన్నాడతను ఆమె వైపు తిరిగి. “నూట యాభై ఏళ్లు కావచ్చు. వెయ్యేళ్లు కావచ్చు. అసలు ఎక్కడి నుంచీ రాకుండా మొదటి నుంచీ ఇక్కడే ఉండి ఉండొచ్చు. ఎవరికీ తెలియదు. తెలుసని ఎవరు చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే.”

తర్వాత వ్యాసంలోని ఆ రెండు వాక్యాలూ పూర్తిగా చదివాడు. కంపెనీ నివేదికలో ఉన్న సగం వాక్యమూ చదివాడు. నా మాటను వాళ్లు సగానికి నరికిన సంగతి నాకు ఫిబ్రవరి నుంచీ తెలుసు, పడవ పోతుందని నోరు మూసుకున్నాను, అది నా తప్పు అన్నాడు. అధికారిణి తలెత్తకుండా అంతా రాసుకుంది.

జూలైలో అధికారులు కంపెనీ నివేదికను తిప్పి పంపారు. జీవి మూలం తేలనందున దాన్ని విదేశీ జాతిగా లెక్కించడం చెల్లదనీ, అధ్యయనం మళ్లీ చేయాలనీ, అందాకా గీకుడు ఆపాలనీ ఉత్తర్వు. సంఘంవాళ్లు చేపలు వేయించుకుని, బీర్లు తెచ్చుకుని పండగ చేసుకున్నారు. ఆ వారమే కంపెనీ మనుషులు వచ్చి విశ్వవిద్యాలయం నుంచి పడవను లాక్కుపోయారు. నీకోసం పడవ పోగొట్టుకున్నాడు, ఒక్క మాట పలకరించవే అని నోల్ఫా పోరు పెట్టింది. ఫిబ్రవరిలోనే నోరు విప్పి ఉంటే ఆ మూడు చారల మీదా పరుపు ఉండేది, పోయిన పడవ మళ్లీ కొనుక్కోవచ్చు అంది ఎర్మిందా. ఆరు నెలలు అతని పేరెత్తలేదు.

జనవరిలో అతనే వచ్చాడు, బస్సులో. వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. కంపెనీ కొత్త నివేదిక పెట్టిందని చెప్పాడు. జెట్టీని రెండు వందల మీటర్లు ఉత్తరానికి జరిపారు. పియూరెకు ఈసారి అనిశ్చిత మూలం అని పేరు పెట్టి, ఉన్న పరుపును కోసి వేరే చోట అంటిస్తామని రాశారు. అలా కోసి అంటిస్తే పియూరె బతకదని ఇద్దరికీ తెలుసు. అధ్యయనం ముందు తననే చేయమన్నారనీ, వాళ్ల మొహం మీదే కాదని వచ్చేశాననీ చెప్పాడు. చెప్పేటప్పుడు అతని మొహంలో చిన్న వెలుగు ఉంది. మెచ్చుకుంటుందనుకున్నాడు.

ఎర్మిందా చేతిలోని గరిటె పొయ్యి గట్టు మీద పెట్టేసింది.

“కాదన్నావా? మరి ఎవరు చేశారు?”

“సాంతియాగో నుంచి ఎవరో సలహాదారు.”

“వాడు ఆ రాళ్లను ఎన్నిసార్లు చూశాడు?”

ఒకసారి డ్రోన్‌తో ఫోటోలు తీశారని యెర్కో చెప్పాడు.

“నువ్వు చేయాల్సింది,” అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచకపోయేసరికి యెర్కో అప్రయత్నంగా ఒకడుగు వెనక్కి వేశాడు. “ఉన్నది ఉన్నట్టు నువ్వే రాయాల్సింది. వాళ్లు కోస్తే మళ్లీ మైకు పట్టుకోవాల్సింది. నీ చేతులు శుభ్రంగా ఉంచుకోవడానికి నా రాళ్లను ఒక గుడ్డివాడికి అప్పజెప్పి వచ్చావు. వచ్చి నాకు గొప్పగా చెప్తున్నావా? మొదటిసారి పిరికితనంతో నోరు మూసుకున్నావు, ఈసారి పొగరుతో మూసుకున్నావు. నాకు రెండూ ఒకటే.”

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె ఆపకుండా ఇంకా అంది, చాలాసేపు అంది. పదకొండేళ్ల రొట్టెల సంగతీ వచ్చింది, కాలరు పట్టుకుని లాగిన రోజు సంగతీ వచ్చింది. ఆ రోజు మునగనివ్వాల్సిందని కూడా అంది. యెర్కో నిలబడి విన్నాడు. అన్నీ అయిపోయాక అభ్యంతరాలు పంపడానికి ఇంకా ఎన్ని రోజులు గడువుందని అడిగింది. ఇరవై రెండు రోజులని చెప్పాడు.

“కూర్చో అయితే. రాయి.”

ఆ మధ్యాహ్నం నుంచి వరసగా తొమ్మిది రోజులు అతను బడి కుర్రాడిలా ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎర్మిందా చెప్పింది, నోల్ఫా గుర్తుచేసింది, అతను రాశాడు. పరుపు ఏ నెలలో ఎంత మందం ఉంటుందో, దాని సందుల్లో ఏ పీతలు గుడ్లు పెడతాయో, ఏ బండ మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో రాశాడు. ఒక్క మాట దగ్గరే పేచీ వచ్చింది. స్థానిక జాతి అని రాయమంది ఎర్మిందా. నిరూపణ లేనిది రాయనన్నాడు. పోనీ, వచ్చింది అన్న మాట మాత్రం ఎక్కడా ఉండకూడదంది. అలాగైతే అది కూడా సగం మాటే అవుతుందన్నాడు. రెండు రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూడో రోజు నోల్ఫాకు విసుగొచ్చింది. “ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, మాలో ఎవరికన్నా ముందు నుంచీ ఇక్కడుంది, దానితో ఎన్నో ప్రాణాలు బతుకుతున్నాయి అని రాసి చావండి,” అంది. అదే రాశారు. కింద నలభై ఒక్క మంది సంతకాలు పెట్టారు.

ఆగస్టులో తీర్పు వచ్చింది. జెట్టీ కట్టుకోవచ్చు, కానీ వెడల్పు సగానికి తగ్గించాలి. పరుపులో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మిగిలిన వంతు గీకాలన్నా, అంటించాలన్నా సంఘం ఒప్పుకోవాలి. గెలిచామని లాసరో మళ్లీ చేపలు వేయించాడు. యెర్కో కూడా ఆ మాటే అన్నాడు. ఇలాంటి కేసుల్లో ఇంత రావడమే గొప్పట. ఒప్పందానికి చేతులెత్తమన్నప్పుడు ఎర్మిందా, నోల్ఫా, ఆక్టోపస్‌లు పట్టే ఒక ముసలాయన మాత్రం ఎత్తలేదు. మూడో వంతు ఎందుకిచ్చారో ఎవరైనా చెప్పమని ఎర్మిందా అడిగింది. అందరూ ప్లేట్ల వైపు చూసుకున్నారు.

అక్టోబరులో ఒక పొద్దున మొదటి ఇనుప స్తంభం దిగింది. ఆమె పనికి సెలవు పెట్టలేదు. పాటు తీసిన వేళకే దిగి, దక్షిణం వైపు మిగిలిన పరుపు మీద కొక్కెంతో చీలుస్తోంది. మూడు వందల గజాల అవతల యంత్రపు సుత్తి లేచి పడుతోంది. ప్రతి దెబ్బకూ కాళ్ల కింద రాయి అదురుతోంది. మొదటి దెబ్బకు ఎర్మిందా నడుం నిటారు చేసి, ఆ వైపు తిరిగి, ఒక తిట్టు తిట్టింది. రెండో దెబ్బకు ఇంకోటి. కంపెనీ తల్లిని, న్యాయవాది తల ఊపుడును, లాసరో చేపలను, సాంతియాగో గుడ్డివాణ్ణి, యెర్కో ఫిబ్రవరిని, ఎవరినీ వదల్లేదు. నోల్ఫా మొదట వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇరవై దాటాక లెక్క మానేసి తనూ గొంతు కలిపింది. కొత్త తిట్లు అయిపోయాక ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. తిడుతూనే సంచులు నింపారు. పోటు వచ్చి నీళ్లు నడుం దాకా లేచేవరకూ సుత్తీ ఆగలేదు, వాళ్లూ ఆగలేదు.